వాన అనకూడని ఇల్లు

"మూలలు బాగా అలుకు లామజియా. కొత్తపిల్ల పడుకునే చోటు," అంది అత్తగారు, గుమ్మం బయట చాప మీద కాళ్ళు చాపుకుని కూర్చుని.

గుండ్రటి గుడిసెకి మూలలెక్కడుంటాయని అడగాలనిపించింది కోడలు ఖబోనినాకి. అడగలేదు. మోకాళ్ళ మీద వంగి, పేడా పుట్టమన్నూ కలిపిన ముద్దని అరచేత్తో వంపుగా పామి, ఒక చార అంచుని ఇంకో చారతో కలుపుతూ వెనక్కి జరుగుతోంది. కప్పు మీది గడ్డి ఆమే కోసింది. ఆ కట్టలు కొండ వాలునుంచి ఆమే నెత్తిన మోసుకొచ్చింది. గోడలకి మట్టి మెత్తింది కూడా ఆమే. ఇప్పుడు నేల. రెండో పెళ్ళాంతో కాపురం పెట్టబోయే గుడిసెకి ఖబోనినాకన్నా నమ్మకమైన మనిషి లుబోంబో కొండ మీద ఇంకెవరూ దొరకరని ఆమె మొగుడు మంకోబాకి తెలుసు. అందుకే పని ఎలా సాగుతోందో చూడటానికి కూడా అతను ఇటు రాలేదు.

ఆ పెళ్ళి మాట అతను చెప్పిన తీరు ఆమెకి అలికే ప్రతి చారలోనూ గుర్తొస్తోంది. ఒక రాత్రి అన్నాల దగ్గర, పొయ్యి పక్కన, మొక్కజొన్న ముద్ద నలుపుతూ అన్నాడు.

"చలికాలంలో పెళ్ళి పెట్టుకున్నాం."

"ఎవరిది? మీ తమ్ముడి కొడుకుదా?"

"నాదే. ఆ గుమ్మడికాయ కూర ఇంకాస్త వెయ్యి."

వేసింది. చుక్క కూడా ఒలకలేదు. ఆ తర్వాత చాలాకాలం ఆమెను కుదిపింది పెళ్ళి మాట కాదు, తను అంత తిన్నగా కూర వడ్డించడం.

కారణాలు తర్వాత వచ్చాయి, ఒక్కొక్కటీ నెమ్మదిగా. "నువ్వు ఇంటిపట్టున ఉండేదెప్పుడు? ఇవాళ ఎవరి పెళ్ళో, రేపు ఎవరి చావో. ఊరంతటికీ నీ పాట కావాలి, నాకేమో చల్లారిన ముద్ద," అన్నాడు మంకోబా. "నీ మీద కోపంతో కాదే, నీకు చేదోడుగా ఉంటుందనే," అంది అత్తగారు, మేలు చేస్తున్న గొంతుతో. తను ఊళ్ళో పాటలు ఎత్తి తెచ్చుకున్న మాంసం వాటాని ఈ ఇద్దరూ ఎంత ఇష్టంగా తిన్నారో ఖబోనినా అప్పుడు అనలేదు. అనడానికి మాటలు లేక కాదు. ఆమెకి మాటలు ఎప్పుడూ పాటలోనే వచ్చేవి. మామూలుగా మాట్లాడబోతే సగంలో తెగిపోయేవి.

ఈ ఇంట్లో ఆమెని ఖబోనినా అని పిలిచేవాళ్ళు లేరు. మజియా వాళ్ళ పిల్ల కాబట్టి లామజియా. ఖబోనినా అంటే అమ్మవాళ్ళ ఇల్లు. అంత పేరుని అత్తవారింట్లో ఎవరు పలుకుతారు. ఆ పేరు పెట్టింది మేనత్త. పాట నేర్పింది కూడా ఆవిడే. ఎంబులూజీ నది పక్కన పల్లపు ఊళ్ళో, చిన్నప్పుడు ఖబోనినా ఆవిడ వీపు వెనకే పెరిగింది. కలుపు తీతకి ఒకరి పొలంలో ఊరి ఆడవాళ్ళంతా చేరేవారు. వరసగా నిలబడి పారలు పట్టుకుని మేనత్త వైపు చూసేవారు. ఆవిడ తొందరపడేది కాదు. ముక్కుపొడి పీల్చి, నడుం సర్దుకుని, ఎవరితోనో ఒక పరాచికం ఆడి, అప్పుడు ఎత్తేది. ఆ ఒక్క గొంతు లేచిందో లేదో అన్ని పారలూ ఒకేసారి లేచేవి, అన్నీ ఒకేసారి భూమిలో దిగేవి. వరస చివర పిల్లలకి కూడా అలుపు తెలిసేది కాదు. పొద్దు వాలేసరికి పొలం శుభ్రం, కుండల్లో జొన్నబీరు, నవ్వులు. ఎవరికైనా మొగుడు కొట్టి ఉంటే ఆ సంగతి ఆ రోజు పాటలోకి ఎక్కేది. పేరు లేకుండా, కానీ అందరికీ అర్థమయ్యేటట్టు. మర్నాడు ఆ మొగుడు సంతలో తలెత్తుకోలేకపోయేవాడు. చావు ఇంట్లో తెల్లవార్లూ పాడేవారు, శవం ఒంటరిగా ఉండకూడదని. మరూలా పళ్ళు రాలే కాలంలో పాడేవారు. పెళ్ళికి ముందు సాయంత్రాలన్నీ పెళ్ళికూతురి ముంగిట చేరి పాటలు కడుతూ కాళ్ళు నేలకేసి తాడించేవారు, దుమ్ము మోకాళ్ళదాకా లేచేది.

ఇప్పుడు పెళ్ళిళ్ళకి ఎవరో వ్యానులో పెద్ద స్పీకర్లు తెస్తున్నారు. ఆడవాళ్ళు వరసలో నిలబడి ఫోన్లు ఎత్తి పట్టుకుంటున్నారు. అయినా ఒక ఘడియ వస్తుంది, స్పీకరు ఆపి మనిషి గొంతు ఎత్తక తప్పని ఘడియ. అప్పుడు అందరూ లామజియా ఏదని వెతుకుతారు.

పెళ్ళయి వచ్చేటప్పుడు ఆమె సొరబుర్ర విల్లు వెంట తెచ్చుకుంది. ఒక తీగ, ఒక బుర్ర. బుర్రని రొమ్ముకి ఆనించి, సన్నటి పుల్లతో తీగని మీటుతూ తనకే వినపడేంత నెమ్మదిగా పాడుకునే వాద్యం. "పెళ్ళయిన దానికి అదెందుకే, అది ప్రేమలో పడ్డ పిల్లల ఆట," అంది అత్తగారు, నవ్వుతూనే. వాసానికి వేలాడదీసింది. మంకోబా అవతలి దేశపు బంగారు గనులకి వెళ్ళి ఏడాదికోసారి వచ్చిన ఆ కాలమంతా అది అక్కడే వేలాడింది. ఒక ఏడు చెదలు తినేసింది. ఖబోనినా ఊడ్చి పారేసింది.

దానికన్నా కష్టమైంది ఇంకొకటి ఉంది. మామగారు వానలో పుట్టాడని మ్వులానె అని పేరు పెట్టారట. ఆ పేరులో వాన ఉంది. మామగారి పేరులో ఉన్న మాట కోడలి నోట రాకూడదు. కాబట్టి కొత్త కోడలికి ఆ పూటనుంచి వాన లేదు. 'పైనుంచి పడేది' అనాలి. ఉతికిన దుప్పట్లు తడుస్తుంటే, పిల్లల్ని లోపలికి పిలవాలంటే, ఆ పొడుగాటి మాటే. మేనత్త నేర్పిన కలుపు పాటల్లోకెల్లా అందమైనది వాన పాట. దాన్ని ఈ కొండ మీద ఆమె ఎత్తినప్పుడల్లా ఆ మాట దగ్గరకొచ్చేసరికి నోరు మూసుకుని రాగం తీసేది, మిగతావాళ్ళు ఆ మాట అందుకునేవారు. కొన్నాళ్ళకి జనం అదేదో ఆమె ప్రత్యేకమైన బాణీ అనుకున్నారు. మెచ్చుకున్నారు కూడా. మామగారు పోయి చాలా ఏళ్ళయింది. మాట మాత్రం తిరిగి రాలేదు.

అలకడం అయిన మర్నాడు దుప్పట్లు ఉతకడానికి వాగుకి వెళ్ళింది. పెళ్ళికి వచ్చే చుట్టాలకి దుప్పట్లు కావాలి. రాళ్ళ మీద కుమ్ముతుంటే, ఒడ్డున ఎర్రగా పూసిన కలబంద పొదల వెనకనుంచి ఒక పిల్ల దిగి వచ్చింది. జీన్సు ప్యాంటు, చేతిలో గొడుగు, బస్సు దుమ్ము పట్టిన బూట్లు.

"మీరేనా లామజియా గారు?"

"నేనే. నువ్వెవరివి?"

పిల్ల బూట్లు విప్పి, నీళ్ళ అంచున మోకాళ్ళ మీద కూర్చుంది, పెద్దవాళ్ళ ముందు కూర్చోవలసినట్టుగా. "నా పేరు వెలీలె. మత్సఫాలో బట్టల ఫ్యాక్టరీలో కుడతాను. మిమ్మల్ని ఏమని పిలవాలో తెలియడం లేదు. అమ్మా అనాలో, అక్కా అనాలో."

ఖబోనినా చేతిలో దుప్పటి నీళ్ళలో సాగిపోయింది. లాక్కుంది. పిండింది. అదే పనిగా పిండింది.

"పెళ్ళయ్యాక అక్కనవుతాను. ఇవాళ్టికి అమ్మా అను," అంది చివరికి. "పెళ్ళికి ముందు అత్తవారి ఊరికి రాకూడదని మీవాళ్ళు చెప్పలేదా?"

"చెప్పేవాళ్ళు లేరమ్మా. మా అమ్మ పోయింది. మావయ్య పెంచాడు. మాది టౌను, మాకు చర్చి పాటలే వచ్చు." గొడుగు ఒళ్ళో పెట్టుకుంది. "పెళ్ళిలో తెల్లారగట్ల పెళ్ళికూతురు పశువుల దొడ్లో నిలబడి ఏడుపు పాట పాడాలట కదా. ఒళ్ళంతా ఎర్రమట్టి పుయ్యకముందు. అది పాడకపోతే జనం జీవితాంతం నవ్వుతారట. బస్సులో ఎవర్నడిగినా మీ పేరే చెప్పారు."

"నీకు నేర్పమని నన్ను అడుగుతున్నావా?"

"ఇంకెవర్ని అడగను?"

ఆ ప్రశ్నలో తెలివితేటలేం లేవు. నిజంగానే ఎవరూ లేరు. ఖబోనినాకి కోపం తెచ్చుకోవాలనిపించింది, ఎంత వెతికినా ఆ పిల్ల మీద దొరకలేదు. "ఆయనంటే ఇష్టమేనా?" అని అడిగింది.

"మంచిగా మాట్లాడతారు. ఇంట్లో పెద్దగా పనుండదు, అన్నీ చూసుకునే మనిషి ఉందన్నారు."

ఖబోనినాకి నవ్వొచ్చింది. ఆ నవ్వు ఎంతకీ ఆగకపోతే వెలీలె భయపడి చూసింది. తడి చేత్తో కళ్ళు తుడుచుకుని, దుప్పటి రాయి మీద పరిచి, "ఇటొచ్చి కూర్చో తల్లీ," అంది.

ముందు బాణీ నేర్పింది. అది పై నుంచి కిందికి దిగే పాట, కొండ దిగినట్టు. ఎక్కడ ఊపిరి తెంచాలి, ఎక్కడ గొంతు పగలనివ్వాలి, అన్నీ చెప్పింది. పిల్ల గొంతు మంచిదే. కానీ మాటలు చెప్పమంటే ఖబోనినా తల ఊపింది.

"మాటలు ఎవరివి వాళ్ళే కట్టుకోవాలి. వెళ్ళబోయే ఇంట్లో నీకు రాబోయే కష్టం చెప్పి, మీవాళ్ళని వచ్చి తీసుకుపొమ్మని పిలవాలి."

"ఆ ఇంట్లో ఒక పూట కూడా లేను. నాకేం తెలుసని కట్టను?" అంది వెలీలె. "మీరు చెప్పండి. నేను కట్టుకుంటాను."

ఖబోనినా చెప్పడం మొదలుపెట్టింది. ఏదో రెండు ముక్కలు చెబుదామనుకుంది. నీళ్ళ సంగతి, కట్టెల సంగతి. కానీ ఆమెని ఆ ఇంటి గురించి ఎవరైనా అడగడం అదే మొదలు. సొంత కూతురు కూడా "ఎలా ఉన్నావమ్మా" అని అడుగుతుందే గాని "అక్కడ ఎలా ఉంటుంది" అని ఎప్పుడూ అడగలేదు. వాన సంగతి చెప్పింది. చెదల సంగతి చెప్పింది. పురుటి నొప్పులు వచ్చిన రోజు కూడా బీరు వడగట్టిన సంగతి, గనులనుంచి వచ్చిన మొగుడు గుమ్మంలో ఎంగిలి పళ్ళెం చూసి ముందు పళ్ళెం గురించి అడిగిన సంగతి. ఏ ఇంట్లో పాడినా జనం కన్నీళ్ళు పెట్టుకుంటారు, తన ఇంట్లో కూనిరాగం తీస్తే "బుర్ర తినకు" అంటారు. వెలీలె వింటూ ఒక్కోసారి పెదాలు కదిలించి ఏదో మాట బాణీలో పెట్టి చూసుకునేది. దుప్పట్లు రాళ్ళ మీద ఆరిపోయాయి. లేచి బూట్లు వేసుకునేటప్పుడు ఆ పిల్ల, "అమ్మా, మరి మీవాళ్ళు రాలేదా?" అని అడిగింది.

"వచ్చారు. పాడుకుంటూ వచ్చారు. మళ్ళీ దిగబెట్టి వెళ్ళారు. పద్ధతి అంతే కదా."

పెళ్ళి రోజులు వచ్చాయి; ఆడపెళ్ళివారు ఒక సాయంత్రం వచ్చి వాగు ఒడ్డున బస దిగారు. మర్నాడు రెండు వైపులా ఆటపాటలయ్యాయి. మంకోబా చిరుతపులి తోలు నడుముకి కట్టి, యాభై దాటిన వయసులో గాల్లోకి కాలు విసిరి నేలకేసి కొట్టాడు. ఖబోనినా పెళ్ళికొడుకు వైపు ఆడవాళ్ళకి ముందు నిలబడి, అడిగిన పాటలన్నీ ఎత్తింది. "మొదటి భార్య అంటే ఇలా ఉండాలి," అన్నారు ముసలివాళ్ళు. ఆమెకి అది వినపడింది.

ఆ తర్వాతి తెల్లవారుజామున పొగమంచు కొండంతా కప్పేసింది. వెలీలెని లేపి పశువుల దొడ్లోకి నడిపించారు. పద్ధతి ప్రకారం చేతిలో బల్లెం పెట్టారు. మంచులో ఆవులు నల్లగా కదులుతున్నాయి. కొవ్వుతో కలిపిన ఎర్రమట్టి బుర్ర పట్టుకుని అత్తగారు ముక్కాలిపీట మీద కూర్చుంది. ఆడవాళ్ళు కంచె చుట్టూ దుప్పట్లు కప్పుకుని నిలబడ్డారు, వాళ్ళ వెనక మగవాళ్ళు. టౌను పిల్ల ఏం పాడుతుందోనని అప్పటికే కొన్ని నవ్వులు వినపడుతున్నాయి.

ఖబోనినాకి తన తెల్లవారుజాము గుర్తొచ్చింది. ఇదే దొడ్డి, ఇదే కంపు. అప్పుడు తను పద్దెనిమిదేళ్ళది. మేనత్త కట్టిన మాటలు పాడింది, అందంగా పాడాలన్నదే ధ్యాస. అన్నలు పాడుతూ వచ్చి చుట్టూ నిలబడి తీసుకుపోతుంటే, నిజంగానే తీసుకుపోతున్నారని కాసేపు గుండె ఎగిరింది. ఆ ఎగరడాన్ని సిగ్గుపడి దాచుకుంది. ఎండెక్కేసరికి వాళ్ళే తిరిగి తెచ్చి అప్పగించారు. ఎర్రమట్టి చల్లగా, జిగటగా మెడ మీద పడింది.

వెలీలె పాట ఎత్తింది.

"అమ్మా, నన్ను తోలుకొచ్చి ఎవరి దొడ్లో కట్టారు
ఈ ఇంట వాన కురిస్తే వాన అనకూడదంట
తడిసిన దాన్ని, ఎందుకు తడిశానో చెప్పకూడదంట..."

కంచె చుట్టూ ఊపిరి పీల్చిన చప్పుడయింది. మామగారి పేరు. కానీ ఎర్రమట్టి ఇంకా పడలేదు, ఆ పిల్ల ఇంకా కోడలు కాదు, తప్పు పట్టడానికి లేదు. అత్తగారి చేతిలో బుర్ర ఒడిలోకి దిగింది.

"గొంతేమో ఊరందరిదంట, అలుపు నా ఒక్కదానిదంట
నొప్పులు పడుతూ బీరు వడగట్టాను, బాగుందని తాగారు
ఎంగిలి పళ్ళెం కనపడింది, ఎదురొచ్చిన నేను కనపడలేదు
మావాళ్ళారా, చీకటుండగానే రండి..."

నవ్వులు ఎప్పుడు ఆగిపోయాయో తెలియదు. పిల్ల గొంతు ఖబోనినా చెప్పిన చోటే పగిలింది. దుప్పట్లలో ఆడవాళ్ళు ఒకరినొకరు చూసుకోలేదు. ప్రతివారూ నేల చూశారు. ఒక ముసలావిడ ముక్కు చీదింది. తన బతుకు ఇంకొకరి నోట, మంచులో, ఆవుల మధ్య వినడం ఖబోనినాకి వింతగా ఉంది. ఇంత ఉందా అనుకుంది. తను మోసినప్పుడు ఇంత ఉన్నట్టు తెలియలేదు.

మంకోబా పక్కకి వచ్చి నిలబడ్డాడు. "ఇది నీ పనే," అన్నాడు పళ్ళ మధ్యనుంచి.

"పాట నేర్పమంది. నేర్పాను."

"ఆ మాటలెక్కడివి?"

"ఎక్కడివో మీకు తెలియదా?" అంది ఖబోనినా.

అప్పుడు వెలీలె వైపువాళ్ళు వచ్చారు. మేనమామ ముందు, వెనక ఫ్యాక్టరీ స్నేహితురాళ్ళు, చర్చి ఆడవాళ్ళు. పిల్లని విడిపించుకునే పాట పాడుతూ రావాలి. దాన్ని ఎవరో హడావిడిగా నేర్పినట్టున్నారు, మొదటి చరణమే వచ్చు. దాన్నే తిప్పి తిప్పి పాడుతున్నారు. పద్ధతి ప్రకారం చుట్టూ నిలబడ్డారు, ఆమెని గేటు వైపు నడిపించారు. బసకి తీసుకుపోయి, బుజ్జగించి, తిరిగి తేవాలి. అప్పుడు మట్టి పూస్తారు.

గేటు దగ్గర వెలీలె ఆగింది. బల్లెం కంచెకి ఆనించింది.

"మావయ్యా, సామాను సర్దించు. మనం వెళ్ళిపోతున్నాం," అంది. పాటలో కాదు, మామూలు గొంతుతో.

మేనమామ నవ్వబోయి ఆగిపోయాడు. "ఏం మాట్లాడుతున్నావే? ఇది ఉత్త పాట కదా."

"ఉత్త పాట కాదు. ఎవరిదో నాకు తెలుసు."

ఆ పెద్దమనిషి ఆమె ముఖం వంకా దొడ్డి వంకా చాలాసేపు చూశాడు. ఏం లెక్క వేసుకున్నాడో, చివరికి టోపీ తీసి పెట్టుకున్నాడు. "మట్టి పడలేదుగా. అయితే పద," అన్నాడు. వాళ్ళ పాట ఆ గందరగోళంలో తెగిపోయింది. వాకిలంతా నిశ్శబ్దం. ఇలాంటి నిశ్శబ్దాన్ని ఆ కొండ మీద ఏ పెళ్ళీ ఎరగదు. మగవాళ్ళు ఒకళ్ళ మీద ఒకళ్ళు కేకలు వేసుకోవడానికి సిద్ధంగా ఉన్నారు. అత్తగారు కర్ర మీద లేచి వచ్చి ఖబోనినా మోచెయ్యి పట్టుకుంది.

"చూస్తూ నిలబడ్డావేం లామజియా. ఏదో ఒకటి ఎత్తు. పరువు పోతోంది."

ఆ మోచెయ్యి పట్టుకోవడం ఖబోనినాకి కొత్త కాదు. మామగారి శవం దగ్గర ఆస్తి కోసం అన్నదమ్ములు కలబడినప్పుడు ఇలాగే పట్టుకుంది. మంకోబా తాగి విందులో పడిపోయినప్పుడు ఇలాగే. ఈ ఇంటి ప్రతి చిరుగు మీదా ఒక పాట కప్పింది తను. ఎంత దట్టంగా కప్పిందంటే కింద చిరుగుందన్న సంగతి తనే మరిచిపోయేంత.

గేటు వైపు చూసింది. చర్చి ఆడవాళ్ళు ఆ పిల్ల చుట్టూ గుంపుగా, ఎలా కదలాలో తెలియక నిలబడ్డారు. రెండో చరణం ఎవరికీ రాదు.

ఖబోనినా దుప్పటి సర్దుకుని గొంతు విప్పింది. పెళ్ళికొడుకు వైపు పాట కాదు. అన్నలు తన కోసం పాడుకుంటూ వచ్చినది, పిల్లని విడిపించుకుపోయే పాట. రెండో చరణంనుంచే ఎత్తింది. ఇన్నేళ్ళ అలవాటు ఎక్కడికి పోతుంది. ఆమె గొంతు లేవగానే, ఎందుకు లేచిందో ఆలోచించకుండానే, పెళ్ళికొడుకు వైపు ఆడవాళ్ళంతా వంత అందుకున్నారు. ఏం పాడుతున్నామో తెలిశాక కొందరు తడబడ్డారు. కానీ ఎవరూ ఆపలేదు. కొందరు ఇంకా గట్టిగా పాడారు. కాళ్ళు నేలకి తగలడం మొదలైంది. మంచులో ఆవులు తలలెత్తాయి.

ఆమె నడిచింది. దుప్పట్లు పక్కకి జరిగి దారిచ్చాయి. మంకోబా ఏదో అన్నాడు, పాటలో వినపడలేదు. గేటు దాటి, వెలీలెనీ మేనమామనీ దాటి, గుంపుకి ముందుకు వచ్చింది. కింద పల్లంలో, పుట్టింటి ఎంబులూజీ నది వైపు మంచు విడిపోతోంది.

"నువ్వెక్కడికే?" అంది అత్తగారు వెనకనుంచి.

ఖబోనినా చరణం చివర ఊపిరి తీసుకునే చోట ఆగింది.

"ఎత్తమన్నారుగా అత్తయ్యా," అంది. "పాట ఎత్తిన మనిషి ముందు నడవాలి."